ప్లగిన్లకు ప్రొబేషన్

మా రాళ్లగూడూరు పురపాలక సంఘానికి ఒక బ్లాగు ఉంది. మా ఊళ్ళో జనం దాన్ని చదివినంత శ్రద్ధగా పెళ్ళి శుభలేఖలు కూడా చదవరు. రేపు ఏ వార్డుకు ఎన్ని గంటలకు కుళాయి వస్తుందో అందులో ఉంటుంది. ఇంకేమీ ఉండదు. తెల్లటి పేజీ, నల్లటి పెద్ద అక్షరాలు, వార్డుకొక వాక్యం. గొప్ప సాహిత్యమేమీ కాదు. ఆ మాట నేనే ఒప్పుకుంటాను, రాసేది నేనే కనుక.

నా పేరు షేక్ మస్తాన్ వలి. కంప్యూటర్ ఆపరేటర్ని, అదీ అవుట్‌సోర్సింగ్ మీద. అంటే జీతం ఏజెన్సీ ఇస్తుంది, పని పురపాలక సంఘం చెబుతుంది, తిట్లు మాత్రం ఊరంతా కలిసి తిడుతుంది. మా ఊళ్ళో కుళాయి రావాలంటే చెరువులో నీళ్ళుండాలి, పంపుహౌసుకు కరెంటుండాలి, ట్యాంకు నిండాలి. ఈ మూడూ ఒకరోజు తెల్లవారుజామున కుదురుతాయి, ఇంకోరోజు మిట్టమధ్యాహ్నం కుదురుతాయి. వాల్వులు తిప్పే కోటిలింగం రోజూ సాయంత్రం నాకు ఫోన్ చేసి మర్నాటి సమయాలు చెబుతాడు. నేను బ్లాగులో పెడతాను. ఇద్దరం కలిసి చేసే పరిపాలన అంతే.

ఇంట్లో సంపు, మోటారు ఉన్నవాళ్ళకి ఈ బ్లాగుతో పెద్ద పనిలేదు. పని ఉన్నది నాంచారమ్మ లాంటివాళ్ళకి. పద్నాలుగో వార్డు చివరి సందులో ఉంటుంది. ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తుంది. ఆమె భర్త పిచ్చయ్య తాపీ మేస్త్రీ. సెంట్రింగ్ మీద నుంచి పడి మంచం పట్టాడు. ఆ సందులోకి ట్యాంకరు పట్టదు. కుళాయి వచ్చేది అరగంట. ముందురోజు సాయంత్రమే సమయం తెలిస్తే నాంచారమ్మ తోటి వంటమనిషి సుభానీతో షిఫ్టు మార్చుకుని ఇంట్లో ఉంటుంది. తెలియకపోతే కుళాయి కింద ఒక బిందె పెట్టి డ్యూటీకి పోతుంది. బిందె నిండుతుంది, తర్వాత కట్టేసేదాకా నీళ్ళు కాలువలోకి పోతాయి. పిచ్చయ్య మంచం మీద పడుకుని ఆ చప్పుడు వింటాడు, లేవలేడు. మనిషి మంచంలో ఉన్న ఇంట్లో ఒక్క బిందె నీళ్ళు ఏ మూలకి?

ఇలా సాఫీగా నడుస్తున్న బ్లాగులోకి నూనె వచ్చింది. బట్టతల మీద జుట్టు మొలిపించే నూనె. ఎవడో పనిలేనివాడు మా బ్లాగు కింద వ్యాఖ్యలు రాసే చోట దాని ప్రకటనలు గుప్పించడం మొదలుపెట్టాడు. ఏడో వార్డుకు ఉదయం ఆరింటికి నీళ్ళు అని నేను రాస్తే, దాని కింద వారం రోజుల్లో ఒత్తయిన జుట్టు అని వాడు రాసేవాడు. ఇలాంటి చెత్తని ఆపడానికి ప్లగిన్లుంటాయి. బ్లాగుకు అదనంగా తగిలించే చిన్న చిన్న ప్రోగ్రాములు. ఒక్కోటి ఒక్కో పని చేస్తుంది. నేను ఊరికే దొరికేదాన్ని ఒకటి చూసి తగిలించాను. నూనె ఆగిపోయింది.

ఆగిపోయిన సంగతి మా మేనేజర్ భుజంగరావు గారు కనిపెట్టారు. ఆయనకి సర్వీసు రూల్స్ కంఠోపాఠం. ఫలానాయన పోయాడని ఎవరైనా చెబితే ఆయన మొదట అడిగేది, “సర్వీసులో ఉండగానా, రిటైరయ్యాకనా?” అని.

“మస్తానూ, ఆ నూనె ప్రకటన కనపడటం లేదేం?” అన్నారు. ఆయనకి ఆ నూనె అవసరం ఉందని అప్పుడు నాకు తట్టలేదు.

“ప్లగిన్ పెట్టాను సార్. అది ఆపేస్తోంది.”

“అది అంటే?”

“ప్లగిన్ సార్. బ్లాగుకి సాయంగా పని చేస్తుంది.”

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. “పని చేస్తుందా? పురపాలక సంఘంలోనా? ఎప్పట్నుంచి?”

“మొన్నట్నుంచి సార్.”

“ఎవరి ఆర్డరు మీద జాయినయింది?”

“ఆర్డరేం లేదు సార్. ఊరికే దొరుకుతుంది. జీతం కూడా అక్కర్లేదు.”

“ఓరి నాయనో!” అని ఆయన నిజంగానే గుండె మీద చెయ్యి వేసుకున్నారు. “ఇంకా ప్రమాదం గదయ్యా! జీతం లేకుండా పని చేసినవాడే రేపు కోర్టుకెక్కి రెగ్యులరైజ్ చెయ్యమంటాడు. పోస్టు మంజూరు లేదు, నోటిఫికేషన్ లేదు, ఇంటర్వ్యూ లేదు. సదరు ప్లగిన్ ఏ హోదాలో విధులు నిర్వర్తిస్తున్నట్టు?”

అది పరికరం సార్ అని ఉంటే వ్యవహారం స్టోర్సు సెక్షన్‌కి పోయి, అక్కడ దుమ్ము కొట్టుకుని చల్లగా చచ్చేది. ‘పని చేస్తుంది’ అన్నాను గనక ఉద్యోగుల సంగతి చూసే ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌కి వచ్చింది. ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో పడ్డది ఏదీ చావదు. సీనియారిటీ తెచ్చుకుంటుంది.

అదే వారం మా కమిషనర్ హైమావతి మేడం ఎక్కడో కొండమీద డిజిటల్ సుపరిపాలనలో శిక్షణ పూర్తిచేసుకుని దిగివచ్చారు. కొండ దిగినవాళ్ళకి చెవులు గింగురుమంటాయి. ఆవిడకి ప్లగిన్లు గింగురుమంటున్నాయి.

“మన బ్లాగుకి ఎన్ని ప్లగిన్లున్నాయి?” అని నన్ను పిలిపించి అడిగారు.

“ఒకటి మేడం.”

“ఒక్కటా?” ఆవిడ జాలిగా చూశారు. పిల్లలెంతమంది అని అడిగి, ఇంకా లేరు అంటే చూసే చూపు అది. “పక్క మునిసిపాలిటీకి ముప్ఫై ఉన్నాయి. శిక్షణలో అందరి ముందూ చెప్పుకున్నారు. నేను తల దించుకుని కూర్చున్నాను. ఉపయోగకరమైన ప్లగిన్లను ఎంపిక చేసుకోవడం ఆధునిక పాలనకు పునాది. భుజంగరావు గారూ, ఏమంటారు?”

“నియమ నిబంధనలకు లోబడి తప్పకుండా ఎంపిక చేద్దాం మేడం,” అన్నారాయన. “రిక్రూట్‌మెంట్ కాబట్టి, రిక్రూట్‌మెంట్ మాదిరిగానే.”

ఆవిడ ఎంపిక అన్నది సంతలో వంకాయలు ఏరినట్టు. ఆయన విన్నది నియామకాలు. ఇద్దరూ ఒకరికొకరు తలాడించుకున్నారు. నేను మధ్యలో నిలబడి ఉన్నాను గానీ, అవుట్‌సోర్సింగ్ వాడి అభిప్రాయం అడిగే పద్ధతి మా ఆఫీసులో లేదు.

నోటిఫికేషన్ వచ్చింది. ప్రతి సెక్షన్ తన తరఫున ఒక ప్లగిన్‌ని నిలబెట్టాలని చెప్పారు. పారిశుధ్యం వాళ్ళు నిలబెట్టారు, ఇంటిపన్ను వాళ్ళు నిలబెట్టారు, జనన మరణాల వాళ్ళు కూడా వదల్లేదు. కౌన్సిల్ హాల్లో తెర కట్టి ఇంటర్వ్యూలు పెట్టారు. అభ్యర్థులు నోరులేనివి గనక వాటి తరఫున జవాబులు చెప్పే బాధ్యత నా మీద పడింది. మీట నొక్కడం, అది చేసే పని తెర మీద చూపించడం, ప్రశ్నలకు నిలబడి సమాధానం చెప్పడం.

మొదటిదాన్ని నేనే ఎంతో ఆశతో తెచ్చాను. “ఇది పేజీని తొందరగా తెరిపిస్తుంది సార్. పాత ఫోన్లలో కూడా చటుక్కున కనపడుతుంది.”

“ఎట్లా తెరిపిస్తుంది?” అన్నారు భుజంగరావు గారు.

“పేజీ నకలు ఒకటి తీసి దగ్గర పెట్టుకుంటుంది సార్. ఎవరడిగినా ఆ నకలు ఇచ్చేస్తుంది.”

“ఆ నకలు మీద గెజిటెడ్ అధికారి సంతకం ఉంటుందా?”

“ఉండదు సార్.”

“అటెస్టేషన్ లేని నకళ్ళు ప్రజలకు పంచుతుందా? తిరస్కరించడమైనది. తర్వాత?”

తర్వాతది బ్లాగు మొత్తాన్ని రోజూ నకలు తీసి వేరేచోట భద్రం చేసేది. రేపేదైనా పాడైతే తిరిగి తెచ్చుకోవచ్చు. ఆఫీసు రికార్డుల్ని రోజూ గుట్టుచప్పుడు కాకుండా బయటికి తరలించే అభ్యర్థిని గురించి పోలీసులకు చెప్పకుండా వదిలేస్తున్నందుకు నన్ను సంతోషించమన్నారు.

మూడోది కళ్ళు సరిగా కనపడనివాళ్ళకి అక్షరాలు పెద్దవి చేసి చూపేది. దాని స్వస్థలం అడిగారు. దాన్ని రాసినవాళ్ళు ఏదో చలిదేశంలో ఉన్నారని చెప్పాను. “నాన్ లోకల్,” అని కొట్టేశారు. అసలు ప్లగిన్లన్నీ నాన్ లోకలే అని తేలేసరికి సభలో కొంత ఆందోళన కలిగింది. అప్పుడొక కౌన్సిలర్ గారు లేచి, తన బావమరిది మన ఊళ్ళోనే, పాత బస్టాండు ఎదురుగానే, ఒక ప్లగిన్ తయారుచేశాడని ప్రకటించారు. తెర మీద చూపించాను. పేజీ తెరవగానే చైర్మన్ గారు నమస్కారం పెడుతూ ఎడమ నుంచి కుడికి నడుస్తారు. మెళ్ళో దండ పడుతుంది. పైనుంచి పూలు రాలుతాయి. పూలు మొత్తం రాలేదాకా కింద ఏముందో కనపడదు.

“ఉపయోగం?” అని కమిషనర్ గారు అడిగారు. ఆ ప్రశ్న అడిగినందుకు ఈ రోజుకీ ఆవిడంటే నాకు కొంచెం గౌరవం ఉంది.

“స్థానికత,” అన్నారు భుజంగరావు గారు. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ రోజు ఎంపికైనవాటిలో శుభోదయం చెప్పేది ఒకటి, శుభసాయంత్రం చెప్పేది ఇంకొకటి. ఒకదాని పని ఇంకొకటి చేస్తే చార్జి అలవెన్సు గొడవ వస్తుందని రెండూ తీసుకున్నారు. పండగల శుభాకాంక్షలు చెప్పేది, మా సేవలతో మీరు తృప్తి చెందారా అని అడిగేది, వచ్చినవాడు మనిషేనా కాదా అని బొమ్మలు చూపించి పరీక్ష పెట్టేది. అసలు నూనెని ఆపిన నా పాత ప్లగిన్‌కి మాత్రం అనుభవ ధ్రువపత్రం లేదని తీసేశారు. నియామక ఉత్తర్వులే లేవు గనక తీసెయ్యడానికి విచారణ కూడా అక్కర్లేదన్నారు. నూనె మర్నాడే తిరిగి వచ్చింది. భుజంగరావు గారు దాని ఫోన్ నెంబరు రాసుకోవడం నేను చూశాను.

ఎంపికైనవాటికి వైరస్ స్కాన్ చేసి, ఆరోగ్యంగా ఉన్నాయని ధ్రువపత్రం జతపరిచాం. రెండేళ్ళ ప్రొబేషన్ అన్నారు. జాయినింగ్ రిపోర్టులు నేనే రాసి, వాటి తరఫున నేనే సంతకాలు పెట్టాను. అవి విధుల్లో చేరిన రోజు ఆఫీసులో లడ్లు పంచారు. ప్లగిన్ల వాటా కూడా భుజంగరావు గారే తిన్నారు.

ఇక పేజీలో ఏది ముందు రావాలన్న ప్రశ్న వచ్చింది. సీనియారిటీ ప్రకారం అన్నారు. ముందు చైర్మన్ గారు, తర్వాత శుభోదయం, తర్వాత పండగ, తర్వాత తృప్తి, తర్వాత మనిషి పరీక్ష. నీళ్ళ వాక్యం ఎక్కడ అని అడిగాను.

“అది ఉద్యోగి కాదు కదయ్యా,” అన్నారాయన ఓపిగ్గా. “ఉట్టి సమాచారం. ఉద్యోగులందరి తర్వాత వస్తుంది.”

నాంచారమ్మ నాలుగు రోజులకే ఆఫీసుకి వచ్చింది. చీర కుచ్చిళ్ళు తడిగా ఉన్నాయి, హాస్టల్ నుంచి నేరుగా వచ్చినట్టుంది. అద్దం పగిలిన ఫోను నా ముందు పెట్టింది.

“ఏందబ్బాయ్ ఇది? నీళ్ళెప్పుడొస్తయ్యా అని నొక్కితే ఈయనెవరో దండం పెడతా నడిచిపోతన్నాడు. ఆయన పోయినాక పూలు. పూలయిపోయినాక నువ్వు మనిషివేనా అని అడుగుతది. సిగ్నల్ లైట్లున్న బొమ్మలు నొక్కమంటది. మనూళ్ళో సిగ్నల్ లైటు యాడుంది? నేను పుట్టి బుద్దెరిగి చూళ్ళా. ఏదో ఒకటి నొక్కితే తప్పంట, మళ్ళా మొదట్నించి ఆయన నడుస్తన్నాడు!”

“కొత్తగా పెట్టారు పెద్దమ్మా.”

“మొన్న నీళ్ళొచ్చిపోయినయ్యి. నాకు తెలవలా. ఆయన కింద దుప్పట్లు రెండు రోజుల నించి అట్టాగే ఉన్నయ్యి, ఉతకటానికి చుక్క లేదు. వాసనొస్తందని ఆయన నా మొగం చూట్టంలా. సిగ్గుపడతన్నాడు.” ఆమె కొంగుతో ఫోను అద్దం తుడిచింది. “ఇవన్నీ నాకెందుకుగానీ, రేపెప్పుడొస్తయ్యో నోటితో చెప్పు. నువ్వే కదా రాసేది.”

చెప్పబోయాను. వెనక నుంచి దగ్గు వినిపించింది. భుజంగరావు గారు సర్క్యులర్ పట్టుకుని నిలబడి ఉన్నారు. నీటి సమయాలను సిబ్బంది ఎవరూ మౌఖికంగా వెల్లడించరాదని అందులో ఉంది. నోటితో చెబితే జనం బ్లాగు చూడరు, బ్లాగు చూడకపోతే ప్లగిన్లకు పని ఉండదు, పని లేని ఉద్యోగులను పోషిస్తున్నామని ఆడిట్ వాళ్ళు అంటారు. అన్ని వైపులా ఆలోచించి రాసిన సర్క్యులర్ అది.

“బ్లాగులో చూడండమ్మా,” అన్నారాయన. “అంతా పారదర్శకంగా ఉంది.”

నాంచారమ్మ ఆయన్ని కిందా మీదా చూసింది. “మీ ఇంట్లో సంపుందా సారూ?” అంది. ఆయన ఉందన్నారు. ఆమె ఫోను తీసుకుని వెళ్ళిపోయింది.

ఆమె వెళ్ళాక మేనేజరు గారి బల్ల దగ్గరికి పోయాను. “సార్, ఆ దండ ప్లగిన్ ఒక్కదాన్నైనా తీసేద్దాం. పేజీకి అడ్డం పడుతోంది.”

“అడ్డం పడటం దాని విధి నిర్వహణ.”

“పోనీ కొత్త వెర్షన్ వచ్చింది సార్. అప్‌డేట్ చేస్తే కాస్త తేలికవుతుంది.”

“అప్‌డేట్ అంటే ఒక మెట్టు పైకే కదా? అంటే పదోన్నతి. ప్రొబేషన్ పూర్తవకుండా పదోన్నతి ఎట్లా ఇస్తాం? రేపు శుభోదయం వచ్చి నాకెందుకివ్వలేదంటే నువ్వు సమాధానం చెబుతావా?”

నేను వదల్లేదు. వదలకపోయేసరికి ఆయనకి నా మీద కొంత దయ కలిగి, చట్టం ఒప్పుకునే దారి ఒకటి చెప్పారు. ముందు ఆరోపణల మెమో ఇవ్వాలి. సంజాయిషీ అడగాలి. రాకపోతే రిమైండరు. తర్వాత విచారణాధికారి. తర్వాత రెండో మెమో. మెమో రాశాం. అందుకున్నట్టు ప్లగిన్ సంతకం పెట్టలేదు. ఉద్యోగి మెమో తీసుకోకపోతే అతని నివాసం తలుపుకు అంటించాలని రూలుంది. ప్లగిన్ నివాసం నా కంప్యూటరు. మెమోని మానిటర్‌కి అంటించి, ఇద్దరు సాక్షుల సంతకాలు తీసుకున్నారు. అప్పట్నుంచి నేను మెమో పక్కగా తల వంచి చూసుకుంటూ పని చేశాను.

ఈలోగా శుభోదయానికీ చైర్మన్ గారికీ పడలేదు. రెండూ ఒకేసారి తెర మీదకు రాబోయి, ఫోన్లు బిగుసుకుపోయేవి. భుజంగరావు గారు సామరస్య సమావేశం పెట్టారు. ఇద్దరికీ సమాన గౌరవం అని తీర్మానించి, ఒకదాని మీద ఒకటి వచ్చేట్టు చేయించారు. చైర్మన్ గారి ముఖం మీద ‘శుభోదయం’ అని పడేది. దాని వెనక నుంచి ఆయన నమస్కారం పెట్టేవారు.

సమీక్షా సమావేశం జరిగింది. కమిషనర్ మేడం ముఖం వెలిగిపోతోంది. తెర మీద పైకి ఎగబాకుతున్న గీత ఒకటి చూపించారు.

“ఇదివరకు పౌరుడు మన పేజీ మీద సగటున ఐదు సెకన్లు గడిపేవాడు. వచ్చాడు, చూశాడు, పోయాడు. సంబంధం లేదు, బాంధవ్యం లేదు. ఇప్పుడు ఎంతసేపు గడుపుతున్నాడో తెలుసా? పదిహేడు నిమిషాలు! రోజుకి నాలుగైదుసార్లు వస్తున్నాడు! దీన్నే సిటిజన్ ఎంగేజ్‌మెంట్ అంటారు. మన బ్లాగు పేరు పురస్కారానికి పంపిస్తున్నాను.”

ఉండబట్టలేక లేచాను. “మేడం, వాళ్ళు గడపటం లేదు. పేజీ తెరుచుకోక ఎదురుచూస్తున్నారు.”

ఆవిడకి కోపం రాలేదు. శిక్షణలో కోపం తెచ్చుకోకూడదని చెప్పి ఉంటారు. “మస్తాన్, నిరీక్షణ కూడా ఒక రకమైన నిమగ్నతే. నువ్వు దాన్ని సాంకేతికంగా చూస్తున్నావు. నేను మానవీయంగా చూస్తున్నాను,” అన్నారు. భుజంగరావు గారు ఆ వాక్యం రాసుకున్నారు.

ఎండలు ముదిరాయి. చెరువు సగానికి పడిపోయింది. ఒకరోజు మధ్యాహ్నం కోటిలింగం ఫోన్ చేశాడు. మామూలుగా సాయంత్రం చేసే మనిషి.

“మస్తానూ, జాగర్తగా విను. పంపుహౌసు మోటారు కాలిపోయేటట్టుంది. రేపు తెల్లారి ఐదింటికి పద్నాలుగో వార్డుకి ఒక్కదానికే ఇడుస్తన్నా, మిగతా వార్డులకి ఇయ్యాలే అయిపోయింది. ఆ తర్వాత మోటారు ఇప్పేస్తారు. వారం దాకా ఊళ్ళో చుక్క నీళ్ళు రావు. బాగా పెద్దక్షరాల్లో పెట్టు.”

పెట్టడానికి కూర్చున్నాను. నా పేజీ నాకే తెరుచుకోలేదు. తెల్లగా ఉంది, మధ్యలో గుండ్రంగా ఒకటి తిరుగుతోంది. అప్‌డేట్ లేక ఏ ప్లగిన్ ఏ ప్లగిన్ కాలు తొక్కిందో, అన్నీ కలిసి గుమ్మంలో ఇరుక్కుపోయాయి. రేపు తెల్లారి ఐదింటికి నాంచారమ్మ హాస్టల్లో ఉప్మాకి ఉల్లిపాయలు తరుగుతూ ఉంటుంది. ఇక్కడ నీళ్ళు వచ్చి పోతాయి. పిచ్చయ్య ఆ చప్పుడు వింటాడు. ఆ తర్వాత వారం.

మేనేజరు గారి దగ్గరికి పరిగెత్తాను. “సార్, బ్లాగు పూర్తిగా పడిపోయింది. ప్లగిన్లు తీస్తే గాని లేవదు.”

“మెమోకి సంజాయిషీ గడువు ఇంకా ఉంది.”

“రేపటి నీళ్ళు సార్! వారందాకా ఇంకేం లేవు!”

“మస్తానూ, నీళ్ళు ఇవాళ పోతాయి, రేపొస్తాయి. సర్వీసు మేటర్ తేడా వస్తే ముప్ఫై ఏళ్ళు కోర్టులో నడుస్తుంది. రేపు మీటింగులో పెడదాం,” అని ఆయన టీ తెమ్మన్నారు.

మేడం పురస్కారం తాలూకు ఫొటోలు దిగడానికి వెళ్ళారు. నేను తిరిగొచ్చి నా కుర్చీలో కూర్చున్నాను. బ్లాగు వెనకవైపు, ఆపరేటర్లకు మాత్రమే కనిపించే చోట, ఒక్కో ప్లగిన్ ఎదురుగా ‘తొలగించు’ అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. నొక్కితే ‘నిజంగానా?’ అని అడుగుతుంది. నిజంగానే అన్నాను. చైర్మన్ గారి నడక ఆగిపోయింది. శుభోదయం పోయింది, శుభసాయంత్రం పోయింది, పండగలు పోయాయి. తృప్తి చెందారా అని అడిగేది పోయేటప్పుడు కూడా నన్ను ఆ మాటే అడిగింది. చాలా తృప్తిగా ఉందని నొక్కాను.

తెల్లటి పేజీ తెరుచుకుంది. పద్నాలుగో వార్డుకు రేపు తెల్లవారి ఐదు గంటలకు నీళ్ళు, తర్వాత వారం రోజులు ఏ వార్డుకూ రావు, ఉన్నవన్నీ నింపుకోండి అని ఎంత పెద్ద అక్షరాలు వస్తే అంత పెద్ద అక్షరాల్లో పెట్టాను.

మర్నాడు ఆఫీసుకి పోతూ ఆ సందు మీదుగా వెళ్ళాను. నాంచారమ్మ ఇంటి ప్రహరీ మీద ఉతికిన దుప్పట్లు ఆరేసి ఉన్నాయి. గుమ్మం ముందు బిందెలు, బకెట్లు, ఆఖరికి సున్నం కలిపే తొట్టి కూడా నిండుగా ఉన్నాయి. లోపల పిచ్చయ్య ఎవరినో కేకలేస్తున్నాడు. గొంతు చాలా హుషారుగా ఉంది. అక్కడే ఉండగా కోటిలింగం ఫోన్ చేసి, మోటారు బాగయ్యాక ఏ వార్డుకు ఎప్పుడు వదులుతాడో చెప్పాడు.

ఆఫీసులో అడుగుపెట్టేసరికి ప్లగిన్లన్నీ తిరిగి వచ్చేశాయి. కౌన్సిలర్ గారి బావమరిది పొద్దున్నే వచ్చి అన్నింటినీ మళ్ళీ ఎక్కించాడు. వాటికి సర్వీసులో విరామం లేనట్టుగా పరిగణించాలని ఉత్తర్వులు కూడా తయారయ్యాయి. మధ్యాహ్నం దాటాక నన్ను కమిషనర్ గదిలోకి పిలిచారు.

భుజంగరావు గారు మెమో నకలు పైకెత్తి చూపించారు. “మెమో గడువు పూర్తికాలేదు! విచారణ లేదు! వాదన వినలేదు! ఇంతమంది ఉద్యోగుల పొట్ట కొడతావా? నీకు మనసెట్లా ఒప్పింది?”

“బాధాకరం,” అన్నారు మేడం. “నిన్న మన సగటు సమయం మూడు సెకన్లకి పడిపోయింది మస్తాన్. మూడు! పురస్కారం వాళ్ళకి నేనేం చెప్పుకోను?”

“తప్పయితే విచారణ జరిపించండి మేడం,” అన్నాను. “మెమో ఇవ్వండి, సంజాయిషీ రాసిస్తాను. ఊరందరి ముందూ విచారించండి.”

భుజంగరావు గారు నన్ను చిత్రంగా చూశారు. కోపం పోయి, ఏమీ తెలియని పిల్లవాడికి చెబుతున్నట్టు మాట్లాడారు. “నీకు విచారణ ఎందుకుంటుందయ్యా? అవన్నీ ఉద్యోగులకు. నువ్వు అవుట్‌సోర్సింగ్ కదా.”

ఏజెన్సీకి ఫోన్ చేశారు. రేపట్నుంచి అబ్బాయి అక్కర్లేదన్నారు. అట్నుంచి సరే అన్నట్టున్నారు. నిజంగానా అని కూడా అడగలేదు. నాకు నవ్వొచ్చింది. ఇంటి దగ్గర మా ఆవిడకి ఏం చెప్పాలో తోచలేదు.

నేను తలుపు వైపు తిరిగేసరికి నాంచారమ్మ అటెండర్ని తోసుకుని లోపలికి వస్తోంది. పొద్దున నీళ్ళు పట్టుకుని, షిఫ్టు ముగించుకుని వచ్చింది. చేతిలో అదే ఫోను.

“అబ్బాయ్, నిన్న సుబ్బరంగా కనపడిందయ్యా, నీ కడుపు సల్లగుండ. ఇయ్యాల మళ్ళా ఆయనే నడుస్తన్నాడు. ఈ వారం ఎట్టోగట్టా గడుపుకుంటాం. మళ్ళా ఎప్పుడిస్తారో అదొక్కటి చెప్పు.”

“బ్లాగులో చూడండమ్మా...” అని భుజంగరావు గారు మొదలుపెట్టారు.

“వచ్చే శుక్రవారం తెల్లారి ఆరింటికి, పెద్దమ్మా,” అన్నాను.

“మౌఖిక వెల్లడి!” భుజంగరావు గారు కుర్చీలోంచి లేచారు. “మేడం ఎదుటే! సర్క్యులర్ ధిక్కరణ! ఉండు, ఇప్పుడే, ఇక్కడే మెమో ఇస్తాను!” కాగితం లాక్కుని, గబగబా నా పేరు రాశారు. దాని కింద హోదా రాయాలి. కలం అక్కడ ఆగింది. ఆయన కమిషనర్ వైపు చూశారు. ఆవిడ ఫ్యాను వైపు చూశారు. నాకు మెమో ఇచ్చే అధికారం ఆ గదిలో ఎవరికీ లేదు.

“శుక్రారం ఆరింటికా? సరే, సుభానీతో షిఫ్టు మార్చుకుంటా,” అని నాంచారమ్మ వెళ్ళిపోయింది.

నేనూ బయటికి వచ్చాను. ఆమె వరండాలో ఎవరికో చెబుతున్నట్టుంది. అక్కడ ఇంటిపన్ను కట్టడానికి కూర్చున్నవాళ్ళు ఒక్కొక్కరే లేచి నా చుట్టూ చేరారు.

“మా తొమ్మిదో వార్డుకెప్పుడు అబ్బాయ్?” అన్నాడొక ముసలాయన.

గట్టిగా చెప్పాను.